ఐరన్ టెయిల్ చించేసిన ఫొటో

మన నీతి కథల్లో రాజుకీ రైతుకీ, నక్కకీ కాకికీ ఊరూ పేరూ ఉండవు. ఈ కథలో మనుషులకు పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, ఏ ఏడాది ఏం జరిగిందో లెక్క ఉంది. ఇది నిజంగా జరిగింది. అయినా నీతి కథగానే చెబుతున్నాను. ఇందులో ఉన్న నీతి, చేతిలో ఫోను పట్టుకుని ఎదుటివాళ్ల వైపు తిప్పే మనందరికీ కావలసినది.

అమెరికాలోని అయోవాలో 1852లో గెర్ట్రూడ్ స్టాంటన్ అనే ఆడపిల్ల పుట్టింది. పడమటి కొండల్లో బంగారం ఉందని జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి పరుగులు తీస్తున్న కాలం అది. ఆమె తండ్రి కూడా కొలరాడో వెళ్లి కలప మిల్లు పెట్టాడు, బాగా సంపాదించాడు, గోల్డెన్ అనే పట్టణానికి మొదటి మేయరయ్యాడు. గెర్ట్రూడ్ బాల్యం అక్కడ గడిచింది. ఆ మైదానాల మీద తిరిగే ఆదివాసులను చూస్తూ పెరిగింది. ఆ రూపాలు ఆమె మనసులో నిలిచిపోయాయి.

ఆమెకు పన్నెండేళ్లప్పుడు, 1864లో, తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. తల్లి బ్రూక్లిన్‌లో ఒక ఇల్లు తీసుకుని, గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్లకు భోజనం పెట్టి పిల్లలను పోషించింది. ఆడది సంపాదిస్తేనే ఇల్లు నిలబడే రోజు వస్తుందని గెర్ట్రూడ్‌కు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది.

1874లో, సరిగ్గా తన ఇరవై రెండో పుట్టినరోజున, ఎడువార్డ్ కేసెబియర్ అనే వ్యాపారిని పెళ్లి చేసుకుంది. ముగ్గురు పిల్లలు పుట్టారు. డబ్బుకు లోటు లేదు, మనసులు మాత్రం కలవలేదు. విడాకులంటే లోకం వేలెత్తి చూపే రోజులు కాబట్టి ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు బతుకుతూ, పేరుకు భార్యాభర్తలుగా మిగిలారు.

1889లో గెర్ట్రూడ్ బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థినిగా చేరింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన కూర్చుని బొమ్మలు గీయడం నేర్చుకుంది. ఇంట్లో పిల్లల ఫొటోలు తీయడం అప్పటికే అలవాటు. ఫొటోగ్రఫీ కూడా కళేనంటే ఆ రోజుల్లో చాలామంది ఒప్పుకునేవారు కాదు. 1894లో చిత్రలేఖనం కోసమే ఫ్రాన్స్ వెళ్లింది. ఒకరోజు వాన కురుస్తోంది, బయటికి వెళ్లి బొమ్మ వేయడానికి వీల్లేదు. ఇంట్లోనే ఒక మనిషిని కూర్చోబెట్టి, కిటికీ వెలుగులో కెమెరాతో రూపచిత్రం తీసింది. ఆ ఒక్క ఫొటోతో తన పని ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. కుంచె పక్కన పెట్టింది. జర్మనీ వెళ్లి ఫొటోగ్రఫీలో వాడే రసాయనాల సంగతి నేర్చుకుంది.

1895లో ఇంటికి తిరిగొచ్చేసరికి భర్త జబ్బుపడి ఉన్నాడు. డబ్బు ఇబ్బంది మొదలైంది. సరదా వృత్తిగా మారక తప్పలేదు. నలభై దాటిన ఆ ఇల్లాలు, బ్రూక్లిన్‌లో ఫొటో స్టూడియో నడుపుకునే శామ్యూల్ లిఫ్షీ దగ్గర సహాయకురాలిగా చేరింది. ఫొటో తీయడం ఒక విద్య, స్టూడియో నడపడం ఇంకో విద్య. నెగెటివ్ కడగడం, ప్రింటు వేయడం దగ్గర్నుంచి గిరాకీ చూసుకోవడం దాకా అక్కడ నేర్చుకుంది. 1896లో బోస్టన్ కెమెరా క్లబ్‌లో ఆమె ఫొటోలు 150 ఒకేసారి ప్రదర్శించారు. ఒక్క మనిషి పనికి అంత పెద్ద ప్రదర్శన పెట్టడం అప్పటికి అరుదు. ఆ తర్వాత కొద్దికాలానికే న్యూయార్క్‌లో సొంత స్టూడియో తెరిచింది.

ఆనాటి ఫొటో స్టూడియోకి వెళితే వెనకాల రంగులేసిన తెర ఉండేది. దాని మీద కోటలు, తోటలు, సరస్సులు. పక్కన అట్టతో చేసిన స్తంభాలు. తల కదలకుండా వెనక నుంచి ఇనుప కొక్కెం. మనిషి ఆ సామాన్ల మధ్య ఇంకో సామానులా బిగుసుకుని నిలబడేవాడు. గెర్ట్రూడ్ కేసెబియర్ ఆ తెరలూ స్తంభాలూ తీసేసింది. వెనక ఖాళీ గోడ, పక్క నుంచి సహజమైన వెలుగు, అంతే. కెమెరా ముట్టుకునే ముందు మనిషితో చాలాసేపు మాట్లాడేది. ఆ మాటల్లో వాళ్లు తమను తాము మరిచిపోయి ఒక్క క్షణం తమలా తాము కూర్చున్నప్పుడు ఫొటో తీసేది. ప్లాటినం కాగితం మీద మెత్తని బూడిద ఛాయల్లో ఆ ముఖాలు పైకి వచ్చేవి. ఆమె దగ్గర ఫొటో దిగితే పోలిక మాత్రమే కాదు, మనిషే దొరుకుతాడని పేరొచ్చింది.

కథలో అసలు ఘట్టం ఇక్కడ మొదలవుతుంది.

1898 వసంతకాలం. బఫెలో బిల్ ప్రదర్శన బృందం న్యూయార్క్ వచ్చింది. గుర్రాల స్వారీలు, తుపాకీ గురి, పడమటి మైదానాల యుద్ధాలను నటించి చూపే ఆట అది. అందులో సూ జాతి ఆదివాసులు చాలామంది పనిచేసేవారు. ఊరేగింపు ఆమె స్టూడియో ముందు నుంచి మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ వైపు సాగింది. చూస్తుంటే చిన్ననాటి కొలరాడో గుర్తొచ్చింది. బఫెలో బిల్ అన్న పేరుతో తెలిసిన బృందం యజమాని విలియం కోడీకి ఉత్తరం రాసింది: మీ దగ్గరున్న సూ జాతివారి ఫొటోలు నా స్టూడియోలో తీసుకోవచ్చా అని. ఆయన సరేనన్నాడు.

తమ ఫొటోలు తీస్తారని తెలిశాక ఆ విడిదిలో ఏం జరిగిందో వినండి. అందరూ ఒకచోట చేరారు. తమ దగ్గరున్న మంచి బట్టలు, పూసల పనితనం ఉన్న దుస్తులు, ఆభరణాలు బయటికి తీశారు. స్టూడియోకి వెళ్లబోయేవాళ్లకు వాటిని పంచారు. వెళ్లేది కొద్దిమందే అయినా సింగారించింది అందరూ కలిసి. ఏడేళ్ల కిందటే, 1890 డిసెంబరులో, వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం వాళ్ల జాతి స్త్రీలనూ పిల్లలనూ కూడా కాల్చి చంపింది. భూములు పోయి, బతుకు ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ల గీతల్లో ఇరుక్కున్న జనం వాళ్లు. పొట్టకూటికి ఊరూరా ఆడుతున్నా, కెమెరా ముందుకు మాత్రం తమ అత్యుత్తమ రూపంతో వెళ్లాలనుకున్నారు.

కేసెబియర్ వాళ్ల సింగారాన్ని మెచ్చుకుంది. కానీ ఆమె వెతుకుతున్నది వేరు. చిన్నప్పుడు తాను చూసిన, ఏ అలంకారమూ లేని ఆదివాసి కావాలామెకు. వచ్చినవాళ్లలో ఐరన్ టెయిల్ అనే పెద్దను ఎంచుకుంది. ఆయన సూ జాతిలోని ఓగ్లాలా లకోటా తెగవాడు. ఆయన ఈకలు, నగలు తీయించి కూర్చోబెట్టింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఫొటో అద్భుతంగా వచ్చింది. ప్రశాంతమైన ముఖం, అలసటా హుందాతనమూ కలిసిన చూపు. మధ్యలో ఏ అడ్డూ లేకుండా ఒక మనిషి ఇంకో మనిషి ఎదుట కూర్చున్నట్టు ఉంటుంది. తాను కోరుకున్నది కోరుకున్నట్టే దొరికిందని ఆమె సంతోషించింది.

కొన్ని రోజులకు ఆ ప్రింటు ఐరన్ టెయిల్ చేతికిచ్చారు. చూశాడు. అక్కడికక్కడే చించేశాడు. మరీ నల్లగా ఉందన్నాడు.

అసలు కారణం అది మాత్రమే కాదనిపిస్తుంది. లకోటా వాళ్ల తలమీది గద్ద ఈక బజారులో కొనుక్కునే సొగసు కాదు. ధైర్యంతోనో, జాతికి చేసిన మేలుతోనో సంపాదించుకోవాలి. ఒక్కో ఈక వెనక ఒక్కో పని ఉంటుంది, దాన్ని చూసి ఒప్పుకున్న పెద్దలుంటారు. ఐరన్ టెయిల్ తలమీదున్నది ఆయన జీవిత చరిత్ర. ఆమె దాన్ని పక్కన పెట్టించి, ఇప్పుడు నిన్ను నిన్నుగా చూస్తున్నానంది. ఆయనకు ఆ ఫొటోలో తాను కనిపించలేదు.

కేసెబియర్ వాదించలేదు. కళ అంటే మీకు తెలియదనీ అనలేదు. ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టింది. ఈసారి నిండు ఈకల తలపాగాతో ఫొటో తీసింది. ఆయన సంతృప్తిపడ్డాడు.

కథ ఇక్కడ ఆపేస్తే చక్కగా ఉండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. 1901లో ఒక పత్రిక ఆమె తీసిన సూ ఫొటోలతో వ్యాసం వేసింది. మొదటి పేజీకి ఆమె ఎంచుకున్నది ఈకల ఫొటో కాదు, ఐరన్ టెయిల్ చించేసిన ఫొటోయే. ఆయన మాట విని రెండోసారి తీసింది నిజమే. ఏది లోకం ముందు పెట్టాలన్న దగ్గర మాత్రం తన చూపే గెలిచింది. మంచిమనసున్న మనిషికి కూడా తనకు నచ్చిన బొమ్మను వదులుకోవడం అంత కష్టం.

ఆ సంవత్సరాల్లో ఆమె పేరు మారుమోగింది. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అంటే అమెరికాలో ఫొటోగ్రఫీని కళగా నిలబెట్టడానికి కంకణం కట్టుకున్న మనిషి. ఆయన 1899లో కేసెబియర్‌ను ఆ కాలపు అగ్రశ్రేణి రూపచిత్ర ఫొటోగ్రాఫర్‌గా మెచ్చుకున్నాడు. తల్లీబిడ్డల మీద ఆమె తీసిన ఒక ఫొటో 100 డాలర్లకు అమ్ముడుపోయింది. 1900లో లండన్‌లోని లింక్డ్ రింగ్ అనే కళాఫొటోగ్రాఫర్ల సంఘం మొదటిసారి స్త్రీలను చేర్చుకున్నప్పుడు అందులో ఆమె ఒకతె. 1902లో స్టీగ్లిట్జ్ ఫొటో సెసెషన్ సంఘం పెడితే వ్యవస్థాపక సభ్యురాలైంది. 1903 జనవరిలో ఆయన పత్రిక కెమెరా వర్క్ మొదటి సంచికకు ప్రధాన ఆకర్షణ ఆమె ఫొటోలే. శిల్పి రోడాన్, రచయిత మార్క్ ట్వేన్, నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమె కెమెరా ముందు కూర్చున్నారు.

అయితే ఆ పొగడ్తకు ఒక షరతు ఉంది. కళ కోసమే కళ కావాలని స్టీగ్లిట్జ్ పట్టుదల. డబ్బు కోసం ఫొటోలు తీయడం ఆయన దృష్టిలో కళాకారులు చేయవలసిన పని కాదు. ఆయనకు తండ్రి అండ ఉంది, భార్య వైపు నుంచి వచ్చిన ఆస్తి ఉంది. కేసెబియర్‌కు స్టూడియో అద్దె కట్టాలి, ఇల్లు గడపాలి. తల్లి బ్రూక్లిన్ ఇంట్లో చేసింది ఏమిటో ఆమె కళ్లారా చూసింది. సంపాదన ఆమెకు సిగ్గుపడే విషయం కాదు. నలభై దాటాక ఒకరి దగ్గర పని నేర్చుకుని నిలబెట్టుకున్న గౌరవం. 1906లో ఆమె వృత్తి ఫొటోగ్రాఫర్ల సంఘంలో చేరింది. స్టీగ్లిట్జ్‌కు నచ్చలేదు. మెల్లగా దూరం పెట్టాడు. కెమెరా వర్క్‌లో ఆమెను నొప్పించే రాతలు కూడా వచ్చాయి.

ఐరన్ టెయిల్ విషయంలో తాను చేసిందే ఇప్పుడు తనకు జరిగింది. ఆయన ఈకల్లాగే ఆమె సంపాదన కూడా కష్టపడి తెచ్చుకున్నది. అది పక్కన పెట్టు, అప్పుడే నిన్ను నిజమైన కళాకారిణిగా చూస్తామన్నారు. ఆ బొమ్మలో తాను లేనని ఆమెకు తెలుసు. 1912లో ఫొటో సెసెషన్ నుంచి బయటికి వచ్చేసింది. ఆ సంఘానికి రాజీనామా చేసిన మొదటి మనిషి ఆమే.

బయటికి వచ్చి ఊరుకోలేదు. స్త్రీలు ఈ వృత్తిలోకి రావాలని మొదటి నుంచీ చెబుతూనే ఉంది. 1916లో క్లారెన్స్ వైట్ తదితరులతో కలిసి, తన తరహా ఫొటోగ్రాఫర్ల కోసం కొత్త సంఘం పెట్టడంలో పాలుపంచుకుంది. ఆమె స్టూడియోలో సహాయకురాలిగా ఉన్న ఆలిస్ బౌటన్ తర్వాత సొంతంగా పేరు తెచ్చుకుంది. కేసెబియర్ ఫొటోలు చూసి స్ఫూర్తి పొందిన ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అమెరికా గొప్ప ఫొటోగ్రాఫర్లలో ఒకతె అయింది. ముసలితనంలో కూతురు హెర్మిన్ స్టూడియో పనిలో తోడయింది. 1934లో, 82 ఏళ్ల వయసులో, కేసెబియర్ కన్నుమూసింది. ఆమె తీసిన సూ ఫొటోలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

నీతి

ఎదుటి మనిషి నిజరూపం ఏమిటో మనం నిర్ణయించకూడదు. వాళ్లను అడగాలి.

కేసెబియర్ చెడ్డ ఉద్దేశంతో ఈకలు తీయించలేదు. ప్రేమతోనే తీయించింది. అందుకే ఈ కథ మనకు పనికొస్తుంది. అవమానించాలని చేసే పని తప్పని అందరికీ తెలుసు. ప్రేమించి, మెచ్చుకుని, నువ్వు ఇలాగే బాగున్నావని చెప్పి ఎదుటివాళ్ల గౌరవాన్ని వలిచేస్తున్నప్పుడు మాత్రం మనకు తప్పని తోచదు. మన కంటికి అడ్డుగా కనిపించేది వాళ్లకు ప్రాణం కావచ్చు. పైపై మెరుగని మనం కొట్టేసేది వాళ్లు జీవితమంతా పెట్టి కొనుక్కున్నది కావచ్చు.

మన ఇళ్లలోనే చూడండి. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న నాయనమ్మ ముఖం మీద సాయంత్రపు ఎండ పడుతుంది. మనవడు ఫోను తీస్తాడు. ఆవిడ "ఉండరా, పట్టుచీర కట్టుకుని బొట్టు దిద్దుకుని వస్తాను" అంటుంది. వాడు "వద్దు నానమ్మా, ఇలాగే సహజంగా ఉంది" అని నొక్కేస్తాడు. ఆ చిరుగు చీర ఫొటో వందమందికి నచ్చుతుంది. నానమ్మకు నచ్చిందా అని ఎవరూ అడగరు. పట్టుచీర ఆవిడ దాపరికం కాదు. కూలి డబ్బుల్లోంచో, అమ్మిన ధాన్యంలోంచో ఏళ్లతరబడి కూడబెట్టి, కూతురి పెళ్లికి కొనుక్కున్న చీర అది. ఆవిడ తనను తాను ఎలా గుర్తుంచుకోవాలనుకుంటోందో ఆ చీర చెబుతుంది. ముందు పట్టుచీరతో ఒక ఫొటో తీయండి. రెండోది మీకు కావాలంటే ఆవిడను అడిగి తీసుకోండి. అరకులో ఆడిపాడే గిరిజన స్త్రీల ముందు కెమెరా ఎత్తినా, వరదల్లో ఇల్లు పోయినవాళ్లకు బియ్యం సంచి అందిస్తూ ఫొటో దిగినా ఇదే ధర్మం. కష్టంలో ఉన్న మనిషికి అన్నం ఎంత అవసరమో, తన ముఖం లోకానికి ఎలా కనిపించాలో నిర్ణయించుకునే హక్కూ అంతే అవసరం.

ఆ హక్కును గుర్తించిన పని మన గడ్డ మీదే ఒకటి జరిగింది. 1892లో హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళ నడిపింది. పరదా వదిలి మా కెమెరా ముందుకు రండని ఆ స్త్రీలను అడగలేదు. వాళ్ల పద్ధతి వాళ్లది అని ఒప్పుకుని, స్టూడియోనే వాళ్లకు తగ్గట్టు మార్చారు. పరదా మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. కెమెరా వెనక ఉన్న మనిషి, కెమెరా ముందు కూర్చునే మనిషి షరతును ముందుగా మన్నించడం ఇక్కడ ముఖ్యం.

ఫొటో దగ్గరే ఈ నీతి ఆగదు. స్టీగ్లిట్జ్ కేసెబియర్‌కు చేసింది కెమెరాతో కాదు, పొగడ్తతో. మనమూ అలాగే పొగుడుతాం. బాగా పాడే అమ్మాయిని మెచ్చుకుంటూ పారితోషికం అడిగితే ముఖం ముడుచుకుంటాం. గొప్ప టీచరమ్మ అంటూనే జీతం పెంచమంటే సేవ చేసేవాళ్లు డబ్బు అడగకూడదంటాం. చేనేత కళ ఎంత గొప్పదో అని మురిసిపోతూ నేతన్న చెప్పిన ధర దగ్గర బేరమాడతాం. ఇవన్నీ ఈకలు తీయించి ఫొటో తీయడమే. వాళ్ల పనిని ఇష్టపడుతున్నామంటాం, ఆ పనితో వాళ్లు నిలబెట్టుకున్న బతుకును మాత్రం చూడం.

రెండు మంచి పనులు ఈ కథలో ఉన్నాయి, రెండూ నేర్చుకోదగ్గవి. ఐరన్ టెయిల్ తనది కాని బొమ్మను ఒప్పుకోలేదు. ఎంత పెద్ద స్టూడియో తీసిందైనా సరే, చించేశాడు. కేసెబియర్ ఆయన కాదన్నాక మళ్లీ కెమెరా ఎత్తింది. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు, ఎంత పెద్ద సంఘమైనా సరే, తనది కాని బొమ్మలో ఇమడనని బయటికి నడిచింది. మనల్ని తప్పుగా చూసినప్పుడు కాదనే ధైర్యం ఉండాలి. మనం తప్పుగా చూశామని ఎదుటివారు చెప్పినప్పుడు మళ్లీ చూసే వినయమూ ఉండాలి. ఈ రెంటిలో రెండోదే కష్టం. ఆమెకు కూడా అది సగమే సాధ్యమైంది. పత్రిక మొదటి పేజీ దగ్గర పాత ఇష్టమే గెలిచింది. మిగతా సగం మనం పూర్తి చేయాలి.

కాబట్టి ఎవరి బొమ్మ తీసినా, ఎవరి గురించి రాసినా, ఎవరిని మెచ్చుకున్నా, ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీరు ఎలా కనిపించాలనుకుంటున్నారు? వచ్చిన జవాబు మనకు నచ్చకపోయినా మన్నించండి. ఒక మనిషిని గౌరవించడం అక్కడే మొదలవుతుంది.